పొట్టి పిస్టళ్ళను పోల్చుకునేదెలా?



సెలవులకు ఊరికి పోతూ హాస్టల్లో ఒక పూట ఆగామంటే చాలు, ఎవరో ఒక తమ్ముడు సెల్‌ఫోన్ పట్టుకొని వస్తాడు. "అన్నా, మీరు తుపాకుల కోర్సు చేస్తున్నారంట కదా, ఇదేం తుపాకో చెప్పండన్నా" అంటాడు. మేము చేస్తున్నది తుపాకుల కోర్సు కాదు, ఎమ్మెస్సీ ఫోరెన్సిక్ సైన్సు. అందులో రక్తపు మరకలు, వేలిముద్రలు, విషాలు, దొంగ సంతకాలు అన్నీ ఉంటాయి. తుపాకులు, తూటాల సంగతి చెప్పే బాలిస్టిక్స్ అందులో ఒక భాగం మాత్రమే. అయినా ఇంతవరకు విషాల గురించి అడిగిన తమ్ముడు ఒక్కడూ లేడు! అందుకని వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమన్నప్పుడు ఆ సెల్‌ఫోన్ ప్రశ్నకే కాస్త వివరంగా జవాబు రాద్దామనుకున్నాం.

అన్ని తుపాకుల గురించీ రాస్తే సంచిక చాలదు. ఒకే ఒక్క పిస్టల్‌ను తీసుకుందాం. అమెరికాలోని కోల్ట్ కంపెనీవారి 1911 మోడల్. పుట్టి నూరేళ్ళు దాటినా ఇంకా తయారవుతూనే ఉన్న పిస్టల్ ఇది. దీన్ని కుదించి తయారు చేసిన పొట్టి రకాలు చాలా ఉన్నాయి. పెద్దదాన్నీ పొట్టివాటినీ వరుసగా బల్ల మీద పెడితే తేడా చిన్నపిల్లవాడైనా చెబుతాడు. విడిగా ఒక్కదాన్నే చూపించి "ఇది ఏది?" అంటేనే చిక్కు. ఆ చిక్కు విప్పడం నేర్చుకుంటే, పోల్చడం అంటే ఏమిటో, ఎంతవరకు పోల్చవచ్చో, ఎక్కడ నోరు మూసుకోవాలో కూడా తెలుస్తుంది. మాకు ఆ చివరిదే అన్నిటికంటే ముఖ్యమనిపించింది.

ముందు పెద్దదాని సంగతి

రివాల్వర్‌కు, పిస్టల్‌కు తేడా చాలామందికి తెలియదు. రివాల్వర్‌లో గుండ్రంగా తిరిగే సిలిండర్ ఉంటుంది, తూటాలు అందులో ఉంటాయి. పిస్టల్‌లో తూటాలు పిడి లోపల పెట్టే మ్యాగజైన్‌లో ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి. ఒక తూటా పేలగానే పైనున్న స్లైడ్ అనే ఉక్కు భాగం వెనక్కి జరిగి, ఖాళీ కేసును బయటికి విసిరి, స్ప్రింగ్ బలంతో ముందుకు వస్తూ కొత్త తూటాను లోపలికి తోస్తుంది. ట్రిగ్గర్ మాత్రం ప్రతిసారీ వేలితో నొక్కాల్సిందే. అందుకే దీన్ని సెమీ ఆటోమేటిక్ అంటారు.

1911ను రూపొందించినవాడు జాన్ మోజెస్ బ్రౌనింగ్. 1855లో అమెరికాలోని యూటా రాష్ట్రంలో ఆగ్డెన్ అనే ఊళ్ళో పుట్టాడు. తండ్రి తుపాకులు బాగుచేసే పనివాడు. కొడుకు ఆ వర్క్‌షాపులోనే పని నేర్చుకున్నాడు. 1911 మార్చిలో జరిగిన పరీక్షలో ఆయన పిస్టల్ 6,000 తూటాలు ఒక్కసారి కూడా మొరాయించకుండా పేల్చింది. అదే నెల 29న అమెరికా సైన్యం దాన్ని తీసుకుంది. 1985లో ఇటలీ కంపెనీ బెరెట్టా పిస్టల్‌ను ఎంపిక చేసుకునేదాకా, అంటే 74 ఏళ్ళు, సైన్యానికి అదే ప్రధాన పిస్టల్.

బ్రౌనింగ్ 1926లో బెల్జియంలోని లీజ్‌లో చనిపోయాడు. అప్పటికి ఆయన మొదలుపెట్టి ఉన్న మరో పిస్టల్‌ను ద్యూదొనే సేవ్ అనే ఇంజనీరు పూర్తిచేశాడు. అదే 1935 నాటి బ్రౌనింగ్ హై పవర్. మన దేశంలో పశ్చిమ బెంగాల్‌లోని ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ తయారు చేసిన 9 ఎం.ఎం. పిస్టల్ ఆ హై పవర్ నమూనాయే. కాబట్టి మన పోలీసు అధికారుల నడుముకు ఏళ్ళ తరబడి వేలాడింది కూడా బ్రౌనింగ్ ఆలోచనే. దూరం నుంచి చూసి చాలామంది ఆ రెంటినీ ఒకటే అనుకుంటారు. 1911 మ్యాగజైన్‌లో తూటాలు ఒకే వరుసలో 7 పడతాయి, హై పవర్‌లో ఎడం కుడి వరుసల్లో 13 పడతాయి. అందుకే హై పవర్ పిడి లావుగా ఉంటుంది. పైగా 1911 పిడి వెనకాల అరచేతితో నొక్కితే గానీ పేలనివ్వని గ్రిప్ సేఫ్టీ అనే మీట ఉంటుంది, హై పవర్‌కు అది లేదు.

ఇక అసలు కొలతలు. పూర్తి సైజు 1911ను కోల్ట్‌వారు గవర్నమెంట్ మోడల్ అంటారు. బారెల్ పొడవు 5 అంగుళాలు, అంటే 127 మిల్లీమీటర్లు. ఖాళీగా బరువు సుమారు 1.1 కిలోలు. పేల్చేది .45 ఏసీపీ తూటా. ఏసీపీ అంటే ఆటోమేటిక్ కోల్ట్ పిస్టల్. ఇక్కడ ఒక మాట గుర్తుంచుకోవాలి. పిస్టల్ బారెల్‌ను కొలిచేటప్పుడు మూతి నుంచి తూటా అడుగు ఆనుకునే చోటు దాకా కొలుస్తారు, తూటా కూర్చునే గది కూడా అందులో కలుస్తుంది. రివాల్వర్‌కు అయితే సిలిండర్‌ను వదిలేసి కొలుస్తారు. ఈ సంగతి తెలియకుండా పిస్టల్‌నూ రివాల్వర్‌నూ పక్కపక్కన పెట్టి పొడవులు పోలిస్తే లెక్క తప్పుతుంది.

తరువాత వచ్చిన పొట్టివి

కిలో పైన బరువున్న ఇనుమును రోజంతా నడుముకు కట్టుకుని తిరగడం ఎవరికైనా కష్టమే. 1949లో అమెరికా సైన్యం అధికారుల కోసం తేలికైన పిస్టల్ కావాలని కంపెనీలను అడిగింది. 9 ఎం.ఎం. తూటా పేల్చాలి, మొత్తం పొడవు 7 అంగుళాలు మించకూడదు, బరువు 25 ఔన్సులు, అంటే సుమారు 700 గ్రాములు మించకూడదు అని షరతులు పెట్టింది. కోల్ట్‌వారు ఫ్రేమ్‌ను ఉక్కుకు బదులు అల్యూమినియం మిశ్రమంతో చేశారు, బారెల్‌ను నాలుగుంపావు అంగుళాలకు, అంటే 108 మిల్లీమీటర్లకు తగ్గించారు. పిడిని మాత్రం ముట్టుకోలేదు. సైన్యం దాన్ని తీసుకోలేదు గానీ, కమాండర్ అనే పేరుతో మార్కెట్లోకి వచ్చి బాగా నిలబడింది. మొదటి కమాండర్ల సీరియల్ నంబరు చివర ఎల్.డబ్ల్యు. అనే అక్షరాలు ఉంటాయి, తేలికైనది అని అర్థం. 1970 ప్రాంతంలో ఇదే పొడవులో ఉక్కు ఫ్రేముతో కంబాట్ కమాండర్ వచ్చింది. పక్క నుంచి తీసిన ఫోటోలో ఈ రెంటినీ విడదీయడం చాలా కష్టం. త్రాసులో పెడితే ఒక్క క్షణంలో తేలిపోతుంది. అల్యూమినియంది ముప్పావు కిలో, ఉక్కుది సుమారు కిలో.

తరువాతి మెట్టులో బారెల్‌తో పాటు పిడిని కూడా కోశారు. 1970ల రెండో సగంలో అమెరికాలోని సియాటిల్ నగరం నుంచి డెటానిక్స్ అనే కంపెనీ మూడున్నర అంగుళాల బారెల్‌తో కంబాట్ మాస్టర్ అనే పిస్టల్ తెచ్చింది. కోల్ట్‌వారు 1985లో అదే పొడవుతో ఆఫీసర్స్ ఏసీపీ తెచ్చారు. పిడి పొట్టిది, మ్యాగజైన్‌లో 6 తూటాలు. 1998లో ఇంకా కుదించి 3 అంగుళాల బారెల్‌తో డిఫెండర్ తెచ్చారు. అంటే 127, 108, 89, 76 మిల్లీమీటర్లు. ఈ నాలుగు అంకెలు గుర్తుంటే చాలు, మిగతా కంపెనీలు చేసిన పొట్టివి కూడా చాలావరకు వీటి దగ్గర్లోనే ఉంటాయి.

ఇంటర్‌లో ఎంపీసీ చదివే తమ్ముళ్ళకు ఒక చిన్న లెక్క. .45 తూటాలోని బుల్లెట్ బరువు సుమారు 15 గ్రాములు, పూర్తి సైజు పిస్టల్ నుంచి సెకనుకు సుమారు 253 మీటర్ల వేగంతో పోతుంది. ద్రవ్యవేగం 3.8 కి.గ్రా. మీ. ప్రతి సెకను. ద్రవ్యవేగ నిత్యత్వ నియమం ప్రకారం పిస్టల్ అంతే ద్రవ్యవేగంతో వెనక్కి తన్నాలి. 1.1 కిలోల గవర్నమెంట్ మోడల్ సెకనుకు 3.5 మీటర్ల వేగంతో వెనక్కి వస్తే, ముప్పావు కిలో కమాండర్ 5 మీటర్ల వేగంతో వస్తుంది. గతిశక్తి లెక్కిస్తే మొదటిదానికి ఆరున్నర జౌళ్ళు, రెండోదానికి తొమ్మిదిన్నర. బారెల్ పొట్టిదైతే బుల్లెట్ వేగం కొంత తగ్గుతుంది, మందు వాయువుల తాకిడిని కూడా మనం వదిలేశాం, కాబట్టి ఇది ఉజ్జాయింపు లెక్కే. కానీ బరువు తగ్గించుకున్న సుఖానికి మణికట్టు ఎంత ధర చెల్లిస్తుందో అర్థమవుతుంది. స్లైడ్ పొట్టిదైనకొద్దీ అది వెనక్కి జరిగే దూరం కూడా తగ్గుతుంది. ఖాళీ కేసు బయటపడడానికి, కొత్త తూటా ఎక్కడానికి సమయం తక్కువ, గట్టి స్ప్రింగులు కావాలి. ఇన్ని చూశాక పొట్టివాటిలో కమాండరే అన్నివిధాలా కుదిరినదని మా అభిప్రాయం. పిడి పూర్తిగా ఉంది, ముందు భాగం మాత్రమే తగ్గింది. అయితే మేము వీటిలో ఒక్కదాన్ని కూడా పేల్చి చూడలేదు. ఇది కాగితం మీది అభిప్రాయమేనని మనవి.

ఏది చూడాలి, ఏది చూడకూడదు

మొట్టమొదట కళ్ళు పోయేది హామర్ మీదికి. పాత గవర్నమెంట్ మోడల్‌కు బొటనవేలితో లాగేందుకు కొక్కెంలా పొడవైన హామర్ ఉంటుంది. కమాండర్‌కు మధ్యలో రంధ్రమున్న గుండ్రటి హామర్ ఉంటుంది. "గుండ్రటి హామర్ ఉంటే కమాండర్" అని కొందరు బట్టీ పట్టేస్తారు. ఇది నమ్మదగిన గుర్తు కాదు. ఆ తర్వాత పూర్తి సైజు పిస్టళ్ళకు కూడా గుండ్రటి హామర్లు బిగించారు. మ్యాగజైన్ కూడా అంతే. అది ఊడదీసి మార్చుకునే వస్తువు. పొట్టి పిడిలో పొడవు మ్యాగజైన్ పెట్టినా పనిచేస్తుంది, కింద కొంచెం బయటికి పొడుచుకు వస్తుంది, అంతే. తూటాల సంఖ్యను బట్టి పిస్టల్ పేరు చెప్పకూడదు.

రంగు సంగతి చెప్పనక్కర లేదు. నల్లది, తెల్లది అన్నది పూత మాత్రమే.

మరి ఏది చూడాలి? కుదించినా మారనివాటిని ముందు పట్టుకోవాలి. ఇదే ఈ వ్యాసంలో అసలు కిటుకు. తూటా ఒకటే కాబట్టి ఖాళీ కేసు బయటికి వచ్చే కిటికీ పెద్దగా మారదు. మనిషి వేలు ఒకటే కాబట్టి ట్రిగ్గర్, దాని చుట్టూ ఉండే రక్షణ కమ్మీ మారవు. కోసేది రెండు చోట్లే, కిటికీకి ముందు స్లైడ్‌ను, ట్రిగ్గర్‌కు కింద పిడిని. కాబట్టి ఫోటోలో మొదట కిటికీ పొడవు చూసి, తర్వాత కిటికీ ముందంచు నుంచి మూతి దాకా ఎంతుందో చూడాలి. గవర్నమెంట్ మోడల్‌లో ఆ ముందు భాగం తీరిగ్గా సాగి ఉంటుంది. డిఫెండర్‌లో కిటికీ అయిపోగానే మూతి వచ్చేసినట్టు ఉంటుంది.

పిడికి ఇంకా మంచి గుర్తు ఉంది. 1911 పిడికి రెండువైపులా చెక్క పలకలు బిగిస్తారు, ఒక్కో పలకకు రెండు స్క్రూలు. పూర్తి పిడికి ఆ రెండు స్క్రూల మధ్య దూరం సుమారు 78 మిల్లీమీటర్లు. ఆఫీసర్స్ పిడికి సుమారు 68. పిడి కింద ఏ మ్యాగజైన్ పెట్టినా, పలకలు ఎన్నిసార్లు మార్చినా, ఆ స్క్రూల రంధ్రాలు ఫ్రేములోనే ఉంటాయి కాబట్టి మారవు. ఎదురుగా సరిగ్గా పక్క నుంచి తీసిన ఫోటో అయితే, స్క్రూల దూరాన్ని స్కేలుగా పెట్టుకొని మిగతా పొడవులన్నీ లెక్కకట్టవచ్చు. పదో తరగతిలో మనం చేసిన సరూప త్రిభుజాల లెక్కే ఇది. ఏటవాలుగా తీసిన ఫోటోతో మాత్రం ఈ పని పెట్టుకోకూడదు.

మూడో గుర్తు మూతి. గవర్నమెంట్ మోడల్‌కు, కమాండర్‌కు మూతి దగ్గర బారెల్ చుట్టూ బుషింగ్ అనే విడి కట్టు ఉంటుంది. డిఫెండర్‌కు అది ఉండదు, బారెలే చివర్లో గంటలాగా వెడల్పై స్లైడ్‌లో కూర్చుంటుంది. డెటానిక్స్‌ను పట్టుకోవడం అన్నిటికంటే సులభం. దాని గురిచూసే వెనక నిలువు బాగా ముందుకు జరిగి ఉంటుంది, దాని వెనక స్లైడ్‌ను వాలుగా చెక్కేసి ఉంటారు.

ఇక వేషం వేసుకున్నవాళ్ళు కూడా ఉన్నారు. స్పెయిన్‌లో 1975లో వచ్చిన స్టార్ పి.డి. పొట్టి .45 పిస్టలే. చూడగానే 1911 పిల్ల అనిపిస్తుంది. పిడి వెనక్కి తిప్పి చూడండి, గ్రిప్ సేఫ్టీ ఉండదు. కోల్ట్‌వారే 1980లలో మస్టాంగ్ అని ఒకటి చేశారు. ఇది .380 అనే చిన్న తూటా పేలుస్తుంది. ఫోటోలో చూస్తే అచ్చం 1911ను జిరాక్సు మిషన్‌లో తగ్గించినట్టు ఉంటుంది. దీనికీ గ్రిప్ సేఫ్టీ లేదు. పైన చెప్పిన కిటుకు ఇక్కడ మోసపుచ్చవచ్చు, ఎందుకంటే ఇందులో కిటికీతో సహా అన్నీ కలిసి చిన్నవయ్యాయి. చేతిలో పట్టుకున్న మనిషి వేళ్ళతో పోల్చి చూస్తేనే సంగతి బయటపడుతుంది.

కంపెనీ ముద్రలు చదివితే సరిపోదా అని మీరు అడగవచ్చు. ముద్రలు తప్పక చదవాలి. కానీ స్లైడ్ ఒక పిస్టల్‌ది, ఫ్రేమ్ ఇంకో పిస్టల్‌ది కావచ్చు. 1990ల చివర్లో కోల్ట్‌వారే కమాండర్ స్లైడ్‌ను ఆఫీసర్స్ పొట్టి ఫ్రేమ్ మీద పెట్టి ఒక మోడల్ అమ్మారు. అమెరికా సైన్యం 1972లో తన జనరల్స్ కోసం ఎం 15 అనే పిస్టల్‌ను తీసుకుంది. దాన్ని రాక్ ఐలాండ్ అనే సైనిక కర్మాగారంలో పాత పూర్తి సైజు 1911 పిస్టళ్ళనే కోసి, కుదించి తయారు చేశారు. సర్కారే అంత పని చేసినప్పుడు ప్రైవేటు మేస్త్రీలు చేయరా? అందుకే ముద్ర ఏం చెబుతోందో విడిగా రాయాలి, స్కేలు ఏం చెబుతోందో విడిగా రాయాలి.

బుల్లెట్ చెప్పేది, చెప్పలేనిది

సినిమాల్లో ఒక బుల్లెట్‌ను పటకారుతో పట్టుకుని చూసి తుపాకీ పేరు, వీలైతే హంతకుడి ఇంటిపేరు కూడా చెప్పేస్తారు. నిజానికి జరిగేది వేరు. బారెల్ లోపల మెలికలు తిరిగిన గాళ్ళు ఉంటాయి. అవి బుల్లెట్‌ను తిప్పుతూ పంపిస్తాయి, అందువల్ల అది గాలిలో దొర్లకుండా పోతుంది. ఆ గాళ్ళ గుర్తులు బుల్లెట్ మీద పడతాయి. కోల్ట్‌వారి సంప్రదాయం 6 గాళ్ళు, ఎడమ వైపు మెలిక. అమెరికాలోనే మరో పెద్ద కంపెనీ స్మిత్ అండ్ వెసన్ సంప్రదాయం 5 గాళ్ళు, కుడి వైపు మెలిక. కాబట్టి .45 బుల్లెట్ మీద ఎడమకు వాలిన 6 గాళ్ళు కనిపిస్తే కోల్ట్ తరహా అని అంటాం. తరహా అని ఎందుకంటున్నామంటే, కోల్ట్‌ను చూసి చేసిన కొన్ని ఇతర పిస్టళ్ళలోనూ అదే మెలిక ఉంటుంది.

ఇప్పుడు చూడండి. 5 అంగుళాల గవర్నమెంట్ మోడల్‌లోనూ అవే 6 గాళ్ళు, అదే ఎడమ మెలిక. నాలుగుంపావు అంగుళాల కమాండర్‌లోనూ అంతే. బారెల్ ఎంత పొడవో ఆ గాళ్ళు చెప్పవు. అంటే ఇప్పటిదాకా మనం కష్టపడి నేర్చుకున్న పొట్టి పొడవుల తేడా పిస్టల్ చేతికి దొరికితేనే పనికొస్తుంది. ఒట్టి బుల్లెట్ దొరికితే "పొట్టి కోల్ట్ నుంచి పేలింది" అని ఎవరైనా రాస్తే అది చదువు కాదు, జోస్యం.

పిస్టల్ దొరికితే దాంతో నీళ్ళ ట్యాంకులోకో, దూది పెట్టెలోకో పరీక్షగా కాల్చి, ఆ బుల్లెట్‌నూ కేసులో దొరికిన బుల్లెట్‌నూ కంపారిజన్ మైక్రోస్కోపు కింద పక్కపక్కన పెడతారు. గాళ్ళ సంఖ్య, మెలిక కుదిరితే అది జాతి లక్షణం. ఆ గాళ్ళ లోపల ఉండే సన్నని గీతలు కూడా కుదిరితేనే ఆ ఒక్క పిస్టల్ సంగతి మాట్లాడాలి. మన ఊరి భాషలో చెప్పాలంటే, ముర్రా గేదె అని చెప్పడం వేరు, ఫలానా వాళ్ళ గేదె అని చెప్పడం వేరు.

ఈ తేడా మనుషుల ప్రాణాల మీదికి వచ్చిన కేసు ఒకటుంది. 1920 ఏప్రిల్ 15న అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలోని సౌత్ బ్రెయిన్‌ట్రీలో, బూట్ల ఫ్యాక్టరీ జీతాల డబ్బు తీసుకుపోతున్న ఇద్దరిని కాల్చి చంపి డబ్బు ఎత్తుకుపోయారు. నికోలా సాకో, బార్తొలోమియో వాంజెట్టి అనే ఇద్దరు ఇటలీ వలస కార్మికులను పట్టుకున్నారు. ఒకరు బూట్ల ఫ్యాక్టరీ కార్మికుడు, ఇంకొకరు చేపలు అమ్ముకునేవాడు. చనిపోయినవారి శరీరాల్లో మొత్తం 6 బుల్లెట్లు దొరికాయి, అన్నీ .32 సైజువే. అయిదింటి మీద కుడి మెలిక, ఒక్కదాని మీద ఎడమ మెలిక. సాకో దగ్గర దొరికింది .32 కోల్ట్. అది కూడా బ్రౌనింగ్ రూపొందించిన చిన్న పిస్టలే.

1921లో విచారణ జరిగినప్పుడు పోలీసు కెప్టెన్ ప్రాక్టర్ నిపుణుడిగా బోనెక్కాడు. ఆ బుల్లెట్ ఈ పిస్టల్ నుంచి పేలి ఉండడానికి అనుగుణంగా ఉంది అనే అర్థం వచ్చేలా సాక్ష్యం చెప్పాడు. విన్నవాళ్ళకు అది "ఈ పిస్టల్ నుంచే పేలింది" అన్నట్టు వినిపించింది. ఇద్దరూ దోషులని జ్యూరీ తేల్చింది. 1923లో అదే ప్రాక్టర్ ప్రమాణపత్రం ఇస్తూ, తాను చెప్పింది ఏదో ఒక కోల్ట్ నుంచి పేలిందనే గానీ, ఈ ఒక్క పిస్టల్ నుంచే పేలిందని కాదన్నాడు. అయినా మళ్ళీ విచారణ జరగలేదు. 1927 జూన్‌లో కాల్విన్ గోడార్డ్ కంపారిజన్ మైక్రోస్కోపు కింద చూసి ఆ బుల్లెట్ సాకో పిస్టల్‌దేనన్నాడు. ఆ ఏడాది ఆగస్టు 23న ఇద్దరికీ మరణశిక్ష అమలైంది. 1961లో, 1983లో జరిగిన పరీక్షలు కూడా గోడార్డ్ మాటనే బలపరిచాయి. విచారణ మాత్రం న్యాయంగా జరగలేదని 1977లో ఆ రాష్ట్ర గవర్నరే ప్రకటించాడు. సాకో నేరం చేశాడా లేదా అనే వాదన వేరు. మేము చూసేది ఒక్కటే. జాతి లక్షణం చెప్పి ఊరుకోవాల్సిన చోట అంతకుమించి వినిపించేలా మాట్లాడడం వల్ల ఏమైందన్నది.

మనకు ఇందులో ఏం పని?

తుపాకీ ఎవరి దగ్గర దొరికినా పోలీసులు మొదట రాసేది పంచనామా. దాని మీద ఇద్దరు మధ్యవర్తులు సంతకం పెట్టాలి. ఆ మధ్యవర్తులు ఎవరు? చాలాసార్లు మన ఊళ్ళలో మన నాన్నలు, బాబాయిలే. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చినవాళ్ళు మాకు ముందు ఎవరూ లేరు. మా నాన్న ఒకసారి ఒక కేసులో మధ్యవర్తిగా వేలిముద్ర వేసి వచ్చారు. అది తుపాకీ కేసు కాదు, గొడ్డలి కేసు. "కాగితంలో ఏం రాశారో చదివి వినిపించారా నాన్నా?" అని అడిగితే, "వాళ్ళు రాసుకున్నారు, మనం వేలు పెట్టాం, అంతే కదరా" అన్నారు. తర్వాత కోర్టులో వకీలు ఆ గొడ్డలి కామ పొడవెంత అని అడిగితే ఆయన దగ్గర జవాబు లేదు. "నీకు తెలియనిదానికి సాక్ష్యం ఎలా పెట్టావు?" అని అందరి ముందు అడిగారట. ఆ మాట ఆయన ఇప్పటికీ మరిచిపోలేదు.

పంచనామాలో "నల్లని పిస్టల్ ఒకటి" అని రాసి ఉంటే, లేబొరేటరీకి వచ్చిన పిస్టల్ అదేనా అన్న ప్రశ్న ఎవరైనా లేవదీయవచ్చు. "కమాండర్ పిస్టల్" అని పేరు రాసి, వచ్చింది ఆఫీసర్స్ అయితే ఇంకా ఘోరం. తప్పు చేసినవాడు బయటపడవచ్చు, చేయనివాడు ఇరుక్కోవచ్చు. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 105వ సెక్షన్ ప్రకారం సోదా, స్వాధీనం చేసుకోవడం ఆడియో వీడియో రికార్డు చేయాలి. ఏడేళ్ళు, అంతకంటే ఎక్కువ శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు సంఘటన స్థలానికి వెళ్ళాలని 176వ సెక్షన్ చెబుతోంది. నిపుణుల అభిప్రాయాన్ని కోర్టు పరిగణించే నియమం పాత సాక్ష్య చట్టంలో 45వ సెక్షన్‌గా ఉండేది, ఇప్పుడు భారతీయ సాక్ష్య అధినియమ్‌లో 39వ సెక్షన్. వీడియో తీసేటప్పుడు పక్కన ఒక స్కేలు పెడితే, పైన చెప్పిన కొలతలన్నీ అందులోనే దొరుకుతాయి. సైన్సు గ్రూపు తీసుకున్న తమ్ముళ్ళు ఈ చదువు వైపు కూడా చూడండి. వివరాలు కావాలంటే మమ్మల్ని ఎప్పుడైనా అడగవచ్చు.

ఇంకో మాట. మీకు ఎక్కడైనా పిస్టల్ పడి కనిపిస్తే ఈ వ్యాసం గుర్తు తెచ్చుకుని స్క్రూల దూరం కొలవడానికి పోవద్దు! ముట్టుకుంటే వేలిముద్రలు పోతాయి, లోపల తూటా ఉంటే ప్రాణమే పోవచ్చు. మ్యాగజైన్ తీసేసినా బారెల్‌లో ఒక తూటా మిగిలి ఉండవచ్చు. దూరంగా నిలబడి 112కు ఫోన్ చేయండి.

పంచనామాలో ఎలా రాస్తే బాగుంటుందో మేము ఊహించి రాసిన ఒక నమూనా ఇది.

"సెమీ ఆటోమేటిక్ పిస్టల్ ఒకటి. స్లైడ్ మీది అక్షరాలు అరిగిపోయి చదవడానికి వీలుగా లేవు. ఫ్రేమ్ మీద నంబరు ఉంది, నంబరు చివర ఎల్.డబ్ల్యు. అనే అక్షరాలు ఉన్నాయి. మూతి నుంచి తూటా అడుగు ఆనే చోటు దాకా బారెల్ 108 మి.మీ. మూతి దగ్గర విడి బుషింగ్ ఉంది. పిడి వెనక గ్రిప్ సేఫ్టీ ఉంది. పిడి పలకల మీది రెండు స్క్రూల మధ్య 78 మి.మీ. మ్యాగజైన్ లేకుండా బరువు 750 గ్రాములు. అయస్కాంతం స్లైడ్‌కు అంటుకుంది, ఫ్రేమ్‌కు అంటుకోలేదు. మ్యాగజైన్ ఒకటి, అందులో తూటాలు 5, తూటాల అడుగున .45 ఆటో అని ఉంది. ఈ వివరాలు మధ్యవర్తులకు తెలుగులో చదివి వినిపించడమైనది."

ఇందులో పిస్టల్ పేరు ఎక్కడా రాయలేదు. అది ఏదో ఈపాటికి మీరే చెప్పగలరు.